వాలుమీద నిలుచుట, జారుట: ఘర్షణమును గూర్చి కొన్ని మాటలు

గత వానకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నెలదినములకు పైగా పాఠశాలకు రాలేదు. పిమ్మట నొకనాడు కాలికి కట్టుతో వచ్చి వెనుక బల్లపై కూర్చుండెను. విచారింపగా సంగతి తెలిసినది. కౌతాళము చేరువ పొలములనుండి ఇంటికి మరలుచున్న ట్రాక్టరు ట్రాలీ, కాలువగట్టు నెక్కి ఆవలివైపు దిగుచుండగా, అప్పుడే కురిసిన వానకు తడిసిన రేగడిమట్టిపై పట్టుతప్పి జారినదట. బస్తాలమీద కూర్చున్న యీ బాలుడు భయపడి క్రిందికి దూకగా కాలు విరిగినదట. తక్కినవారు స్వల్పమైన దెబ్బలతో బయటపడిరి.

ఆనాటి పాఠము ముగిసిన పిమ్మట ఆ బాలుడు మమ్ము సమీపించి యిట్లడిగెను: “సార్, బరువు పెరిగినకొలది ఘర్షణము పెరుగునని మీరు చెప్పితిరి. పరీక్షలో నేనట్లే వ్రాసితిని, మార్కులును వచ్చినవి. ఆనాడు ట్రాలీ నిండ బుడ్డల బస్తాలుండెను. బరువెక్కువ గనుక బండి నేలను గట్టిగా పట్టుకొనునని ధైర్యముతో కూర్చుంటిని. మరి యేల జారినది?”

మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. మేము చెప్పినది అబద్ధము కాదు. కాని అది సత్యములో సగము మాత్రమే. సమతలమున నున్న వస్తువును గూర్చి చెప్పి, వాలునందలి వస్తువును గూర్చి చెప్పవలసిన రెండవ సగమును పలకమీద సూత్రముగా వ్రాసి విడిచితిమి. ఆ లోపము మాది. దానిని సవరించుకొనుటకై తరువాతి వారము తరగతిలో చేసిన ప్రయోగమును, దానినుండి తేలిన విషయములను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఇక్కడ వివరింప దలచితిమి.

ఘర్షణమనగా నేమి?

ఒక వస్తువు మరియొక వస్తువును తాకియుండి దానిమీద జారుటకు పూనుకొనినప్పుడు, తాకియున్న తలముల నడుమ ఆ జారుటను అడ్డగించు బలమొకటి పుట్టును. దానినే ఘర్షణ మందుము.

సామాన్యముగా దీనిని శత్రువుగా భావించుట వాడుక. బండియిరుసునకు కందెన పూయుటయు, కుట్టుమిషనునకు నూనె వేయుటయు దీనిని తగ్గించుటకే. కాని ఘర్షణమే లేనిచో మనము రెండడుగులైనను వేయజాలము. పాదము నేలను వెనుకకు నెట్టగా నేల పాదమును ముందునకు నెట్టుట ఘర్షణము మూలముననే గదా! గోడకు కొట్టిన మేకు నిలుచుటయు, ముడి వీడకుండుటయు దీనివలననే. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు స్థాపించిన యెమ్మిగనూరు చేనేత సహకార సంఘపు వస్త్రములు నేటికిని ఈ సీమలో పేరు గన్నవి. ఆ వస్త్రములందలి ప్రతి నూలుపోగును పొట్టి పొట్టి పత్తిపీచుల కూడిక. పురిపెట్టినప్పుడు ఆ పీచులు ఒకదానినొకటి నొక్కుకొని ఘర్షణముచే పట్టుకొనుటవలననే పోగు తెగక నిలుచుచున్నది.

ఘర్షణమునకు ఒక విశేషగుణము కలదు. అది అవసరమైనంతయే కలుగును, అంతకు మించి కలుగదు. బల్లమీది పెట్టెను మెల్లగా నెట్టిన, ఘర్షణము మెల్లగనే ఎదుర్చును. మరికొంత గట్టిగా నెట్టిన, తానును గట్టిపడును. కాని దీనికొక హద్దు కలదు. ఆ హద్దు దాటగనే పెట్టె కదలును. అడిగినంత ఋణ మిచ్చుచు వచ్చి, ఒక మొత్తము దాటగనే “ఇక లే”దను సాహుకారువంటిది ఘర్షణము. ఈ తుదిమొత్తమును అవధి ఘర్షణ మందురు. విద్యార్థులు లెక్కలలో తరచుగా చేయు పొరపాటు, ప్రతిసమయమునందును ఘర్షణము తన అవధిలోనే యుండునని తలచుట. వస్తువు జారుటకు సిద్ధముగా నున్న క్షణముననే అది అవధిని చేరును.

తరగతిలో చేసిన ప్రయోగము

సరిగా నూరు సెంటీమీటర్ల పొడవుగల నున్నని చెక్కపలక నొకదానిని బల్లమీద పరచి, ఒక కొనను కదలకుండ ఆనించి, రెండవకొనను మెల్లగా పైకెత్తుటకు వీలు చేసితిమి. పలకమీద ఒక చెక్కదిమ్మె నుంచితిమి. ఎత్తుటకు ముందు తరగతి నడిగితిమి: “ఈ దిమ్మె నొంటరిగా నుంచిన నెంత యెత్తున జారును? దీనిమీద ఇటుకలు పేర్చి బరువును నాలుగింతలు చేసిన నెంత యెత్తున జారును?”

సగముమందికి పైగా, బరువైనది ముందు జారుననిరి. “బరువు క్రిందికి లాగును గదా” యని వారి వాదము. మరికొందరు బరువైనదే ఆలస్యముగా జారుననిరి. “బరువు నొక్కిపెట్టును గదా” యని వీరి వాదము. రెండు వాదములును వినుటకు బాగుగానే యున్నవి. కాలికి కట్టుతో నున్న బాలుడు రెండవ పక్షమున చేరెను.

పలకను ఎత్తగా ఒంటి దిమ్మె సుమారు 36 సెంటీమీటర్ల యెత్తున జారెను. ఇటుకలతో కూడిన దిమ్మెయు సుమారు 36 సెంటీమీటర్ల యెత్తుననే జారెను. కొందరికి నమ్మకము కలుగక మరల మరల ఎత్తించిరి. ఒక్కొక్కసారి సెంటీమీటరో రెండో హెచ్చుతగ్గులు వచ్చుచుండెను గాని, బరువైనది ఎప్పుడును ప్రత్యేకముగా ముందుగాని వెనుకగాని జారలేదు. రెండు పక్షములవారును ఓడిపోయిరి.

తరువాత దిమ్మెను వెడల్పుగానున్న ముఖముమీద నొకమారు, ఇరుకుగానున్న ముఖముమీద నొకమారు నిలిపి చూచితిమి. అప్పుడును ఎత్తు మారలేదు. కాని పలకమీద గోనెగుడ్డ పరచినప్పుడు పలకను మిక్కిలి పైకెత్తవలసి వచ్చినది. సబ్బు రుద్దినప్పుడు చాల తక్కువ యెత్తుననే దిమ్మె జారిపోయెను. అనగా తాకుచున్న తలముల స్వభావము మారిన ఎత్తు మారును. బరువు మారిన మారదు. తాకు వైశాల్యము మారినను మారదు.

ఇంకొక సంగతియు కనబడినది. దిమ్మె జారుట మొదలిడిన వెంటనే పలకను కొంచెము దించినను అది ఆగక జారుచునే యుండెను. కదలకయున్నదానిని కదల్చుటకంటె, కదలినదానిని కదలుచుండనిచ్చుట సులభము. మన ప్రాంతపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూచినవారికిది క్రొత్త కాదు. ఎద్దులు బండను మొదట పెకలించునప్పుడే కష్టమంతయు, కదలిన పిమ్మట కొంత తేలిక. మొదటిదానిని నిశ్చల ఘర్షణ మనియు, రెండవదానిని చలన ఘర్షణ మనియు అందురు. చలన ఘర్షణము సాధారణముగా నిశ్చల ఘర్షణపు అవధికంటె తక్కువ.

ఆదోని కొండలవంటి చోట్ల నున్నని జారుడుబండ యెక్కి ఆడుకొను పిల్లలు దీనినంతయు ఎరుగకయే అనుభవించుచున్నారు. లావుపాటి పిల్లవాడును బక్కపిల్లవాడును ఒకేరకపు బట్టలు కట్టుకొని కూర్చుండిన ఒకే వాలున జారుదురు. భేదము బట్టలోనున్నది, శరీరభారములో లేదు.

దీని లెక్క

పైని ఫలమునకు కారణమును త్రికోణమితి రాని చిన్నవారికి సయితము తెలియునట్లు చెప్పవచ్చును. వాలుపలకమీది వస్తువుయొక్క భారము రెండు పనులు చేయును. అందు కొంతభాగము వస్తువును పలకకు నొక్కును. దీనిని నొక్కుడు అందము. మరికొంతభాగము వస్తువును పలక వెంబడి క్రిందికి లాగును. దీనిని లాగుడు అందము.

పలక పొడవు 100, ఎత్తు 36 అయినచో, దాని అడుగుకొలత పైథాగరస్ సిద్ధాంతమువలన సుమారు 93 అగును. లాగుడు, భారములో నూటికి 36 పాళ్లు. నొక్కుడు, భారములో నూటికి 93 పాళ్లు. ఇక అవధి ఘర్షణము నొక్కుడులో ఒక నియతమైన భాగము. ఈ భాగమును ఘర్షణ గుణక మందురు. వస్తువు సరిగా జారబోవునప్పుడు లాగుడు అవధి ఘర్షణమునకు సమానము. కావున 36ను 93చే భాగింపగా వచ్చు 0.39 మన పలకకును దిమ్మెకును నడుమగల ఘర్షణ గుణకము. ఎత్తును అడుగుకొలతచే భాగించుటయే ఇందలి కిటుకు. త్రికోణమితి నేర్చిన పై తరగతులవారు దీనినే వాలుకోణముయొక్క టాంజెంటు అందురు. ఇక్కడ ఆ కోణము సుమారు 21 డిగ్రీలు.

ఇప్పుడు బరువు సంగతి చూడుడు. దిమ్మె 2 కిలోలదైన లాగుడు 0.72 కిలోల బరువు, అవధి ఘర్షణమును 0.72 కిలోల బరువే. 8 కిలోలదైన లాగుడు 2.88, అవధి ఘర్షణమును 2.88. బరువు నాలుగింతలు కాగా పట్టు నాలుగింతలైన మాట నిజమే. కాని లాగుడు కూడ నాలుగింతలైనది. లాభమును నష్టమును సరిసమానమై బరువు లెక్కనుండి తొలగిపోయినది. బాలునికి మేము చెప్పక విడిచిన రెండవ సగ మిదియే.

ఈ నియమములు తెలిసిన విధము

ఘర్షణమును మొదట కొలిచి చూచినవారిలో ఇటలీదేశపు చిత్రకారుడు లియొనార్డో డావించి ఒకడు. 15వ శతాబ్ది చివర ఆయన తన వ్రాతపుస్తకములలో వాలుతలములమీది దిమ్మెల బొమ్మలు గీసి, ఘర్షణము తాకు వైశాల్యమునుబట్టి మారదని గుర్తించెను. అవి ఆయన జీవితకాలమున అచ్చుపడలేదు. 1699లో ఫ్రాన్సుదేశీయుడగు అమాంటన్స్ ఆ నియమములనే మరల కనుగొని తమ దేశపు విజ్ఞాన పరిషత్తునకు తెలిపెను. 18వ శతాబ్ది మధ్యమున ఆయిలర్ అను గణితవేత్త వాలుతలముయొక్క లెక్కను స్పష్టపరచెను. సైన్యమున ఇంజనీరుగా పనిచేసిన కూలుంబు విస్తారముగా ప్రయోగములు చేసి 1781లో ఆ పరిషత్తుయొక్క బహుమానము పొందెను. ఆయన గ్రంథము 1785లో ప్రకటింపబడెను.

తాకు వైశాల్యము మారినను ఘర్షణ మేల మారదు? దీనికి తృప్తికరమైన సమాధానము 20వ శతాబ్దమున గాని దొరకలేదు. కేంబ్రిడ్జిలో పరిశోధనలు చేసిన బౌడెన్, టేబర్ అనువారు 1950లో ప్రకటించిన గ్రంథమున దీనిని విశదీకరించిరి. కంటికి నున్నగా కనబడు తలముకూడ సూక్ష్మముగా చూచిన, క్రొత్తగా గంట్లు పెట్టిన తిరుగలిరాయివలె మిట్టపల్లములతో నుండును. అట్టి రెండు తలములు చేరినప్పుడు మిట్టల కొనలు మాత్రమే నిజముగా తాకుకొనును. మనకు కనబడు వైశాల్యములో నిది స్వల్పభాగము. బరువు పెరిగినకొలది ఈ కొనలు నలిగి నిజమైన తాకుడు అదే పాళ్లలో పెరుగును. అందుచే ఘర్షణము నొక్కుడునుబట్టి పెరుగునేగాని పైకి కనబడు వైశాల్యమునుబట్టి కాదు. అయితే ఇవి స్థూలమైన నియమములని మరువరాదు. రబ్బరు చక్రములును, జిగటగానుండు మట్టియు వీనికి పూర్తిగా లోబడవు.

మన సీమలోని కొన్ని వాలులు

పాఠములోని వాలుపలక మన కనుల యెదుటనే పలుతావుల కలదు. తుంగభద్ర ఇసుకను ఎండిన పిమ్మట నేలమీద పోసి చూడుడు. గంపెడు పోసినను బండెడు పోసినను కుప్పయొక్క వాలు ఒకటే. సుమారు అడుగున మూడడుగులు జరిగిన పైకి రెండడుగులు లేచును. అంతకంటె నిటారుగా పోసిన, పై గింజలు క్రింది గింజలమీద జారిపోయి మరల ఆ వాలుననే నిలుచును. ఇదియే విశ్రాంతి కోణము. కళ్లములో రాసిపోసిన జొన్నలును ఇట్లే తమ వాలును తామే నిర్ణయించుకొనును. కాని ఆదోని మార్కెట్టున పోసిన పత్తికుప్ప ఈ నియమమునకు లొంగదు. పత్తిపీచులు ఒకదానిలో నొకటి చిక్కుకొనుటచే అది గోడవలె నిటారుగా నిలువగలదు.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిమ్మట దాని దిగువకాలువ నీరు మన ప్రాంతమునకు వచ్చినది. ఆ కాలువగట్లు నిటారుగా గాక ఏటవాలుగా ఏల కట్టిరి? మట్టిరేణువుల నడుమనున్న ఘర్షణమును దాని జిగటయు ఏ వాలువరకు ఓర్చునో అంతకు లోబడి కట్టినగాని గట్టు నిలువదు. అందులోను మన రేగడి వేసవిలో నెఱ్ఱెలువిచ్చి రాతివలె గట్టిపడును, వానకు ఉబ్బి వెన్నవలె మెత్తబడును. ఎండలో నిలిచిన వాలు వానలో నిలుచునని నమ్మరాదు. గుంత త్రవ్విన పిల్లలు దాని నిటారు అంచుక్రింద కూర్చుండి ఆడుకొనరాదని మేము పదేపదే హెచ్చరించుట దీనికే.

ఇక మన పూర్వుల తెలివికి తార్కాణముగా కపిలను చెప్పవచ్చును. మోటారు పంపులు రాకమునుపు బావులనుండి నీరు తోడుటకు కపిలలే ఆధారము. నేటి పిల్లలలో చాలమంది దానిని చూడలేదు. బావిగట్టునుండి వెలుపలికి దిగుచు పోవు వాలుదారి యొకటి యుండెడిది. తోలుతో చేసిన బాన నీటితో నిండి పైకి వచ్చునప్పుడు ఎద్దులు ఆ వాలున దిగుచు త్రాటిని లాగును. బాన ఖాళీగా బావిలోనికి దిగునప్పుడు ఎద్దులు వాలు నెక్కును. బరువు లాగవలసినప్పుడు పల్లమునకును, బరువు లేనప్పుడు మిట్టకును నడచునట్లు చేసిన యేర్పాటిది.

దీని ప్రయోజనమును లెక్కకట్టి చూతము. ఎద్దులజత బరువు 600 కిలోలనియు, వాలు ఐదడుగుల నడకకు ఒక అడుగు దిగుననియు అనుకొందము. ఎద్దుల భారములో ఐదవవంతు, అనగా 120 కిలోల బరువు, లాగుడుగా పనిచేయును. నీటితో నిండిన బాన 150 కిలోలున్నచో, గిలకయొక్క ఘర్షణము పోను, ఎద్దులు తమ కండబలముతో లాగవలసినది ఇంచుమించు 30 కిలోలు మాత్రమే. వాలుమీద తనబరువు తన్ను లాగునన్న సంగతిని శత్రువుగా గాక సేవకునిగా చేసికొనిన విధమిది.

చక్రము వచ్చిన పిమ్మట

ఇప్పుడు బాలుని ప్రశ్నకు మరలుదము. బరువు లెక్కనుండి తొలగిపోవుననగా, బస్తాలున్నను లేకున్నను ట్రాలీ ఒకేరీతిగా నిలువవలెను గదా! మరి నిండు ట్రాలీయే జారుట యేమి? మా ప్రయోగములో పలకమీద దిమ్మెయంతయు ఆనియుండెను. ఏ అడుగు బరువును మోయుచున్నదో, ఆ యడుగే పట్టుకొనియుండెను. ట్రాక్టరు, ట్రాలీలయందట్లు కాదు.

దొర్లు చక్రమునకు కలుగు అడ్డు, జారు దిమ్మెకు కలుగు అడ్డుకంటె మిక్కిలి తక్కువ. అందుకే మనుష్యుడు చక్రమును కనిపెట్టెను. కాని ఆ సౌఖ్యమే వాలుమీద అపాయమగును. 21 డిగ్రీల వాలున నిలిచిన దిమ్మెకు చక్రములు తగిలించిన, రెండు మూడు డిగ్రీల వాలుననే దొర్లిపోవును. కాబట్టి వాలుమీద బండిని నిలుపునది చక్రము కాదు, చక్రమును దొర్లనీయని బ్రేకు, ఆ చక్రమునకు నేలకు నడుమనున్న ఘర్షణము. మన గ్రామములలో తిరుగు ట్రాలీలకు చాలవానికి బ్రేకులు లేవు. ట్రాక్టరుకు సయితము సామాన్యముగా వెనుక చక్రములకే బ్రేకులుండును. కావున వాలుమీద మొత్తము బరువును పట్టుకొనవలసినవి ఆ రెండు చక్రములే.

లెక్కకొఱకు ఈ క్రింది కొలతలు తీసికొందము. ట్రాక్టరు 2000 కిలోలు. అందు 1400 కిలోలు వెనుక చక్రములమీద పడుచున్నది. నాలుగు చక్రముల ట్రాలీ సరుకుతో 6000 కిలోలు; దాని బరువంతయు తన చక్రములమీదనే యున్నది. గట్టు పదిమీటర్లకు ఒక మీటరు దిగుచున్నది. అప్పుడు మొత్తము 8000 కిలోలలో పదవవంతు, అనగా 800 కిలోల బరువు, క్రిందికి లాగుచున్నది. ట్రాలీ చక్రములు దొర్లుటకు కలుగు అడ్డుకై 150 కిలోలు తీసివేసిన 650 మిగులును.

నేల పొడిగానుండి ఘర్షణ గుణకము 0.7 అయిన, వెనుక చక్రముల పట్టు 1400లో పదింట ఏడుపాళ్లు, అనగా 980 కిలోలు. అది 650కంటె హెచ్చు గనుక బండి నిలుచును. వానకు పైపొర తడిసి గుణకము 0.4కు దిగినచో, పట్టు 560 కిలోలు మాత్రమే. అది 650కి చాలదు. బండి జారును. అదే తడినేలమీద ట్రాలీ 1500 కిలోల బరువుతో ఖాళీగానున్నచో, లాగుడు మొత్తము 350 మాత్రమే. 560 కిలోల పట్టు దానికి చాలినంత కలదు.

విద్యార్థులారా! ఈ మూడు లెక్కలను మీరు స్వయముగా కట్టి చూడుడు. ట్రాలీలో వేసిన ప్రతి బస్తాయు లాగుడును పెంచినది గాని, పట్టుకొను చక్రములమీద పడక పట్టును పెంచలేదు. బరువెక్కువైన బండి నేలను గట్టిగా పట్టుకొనునన్న నమ్మకము ఇక్కడ ప్రాణాపాయకరమైనది. బరువు పెరిగినప్పుడెల్ల మనము అడుగవలసిన ప్రశ్న: ఆ బరువును మోయునదెవరు, పట్టుకొనునదెవరు? ఇద్దరు నొకరే యైన బరువువలన భేదము లేదు. వేరువేరైనచో పట్టుకొనువానికే ప్రమాదము.

వేగముగూడ దీనికి తోడగును. అన్ని చక్రములకును బ్రేకులున్న వాహనమొకటి గంటకు 18 కిలోమీటర్ల వేగమున పోవుచు బ్రేకువేసిన, గుణకము 0.5 గల సమతలమున సుమారు రెండున్నర మీటర్లలో నిలుచును. గుణకము 0.25కు తగ్గిన తడినేలమీద ఐదు మీటర్లు కావలెను. ఆ తడినేలయే పదింట ఒకటి వాలుగా దిగుచున్నచో, గుణకమునుండి 0.1 తగ్గిపోయి, నిలుచుటకు ఎనిమిదిన్నర మీటర్లు పట్టును. వేగము రెండింతలైన ఈ దూరములన్నియు నాలుగింతలగును.

తల్లిదండ్రులకు ఒక మనవి

ఈ వ్యాసమును మీ పిల్లలు చదివి వినిపింతురని తలచి కొన్ని మాటలు వ్రాయుచున్నాము. వానకు తడిసిన గట్టును నిండు బరువుతో దిగుటకంటె, బరువును రెండుమార్లుగా తెచ్చుకొనుట మేలు. దిగునప్పుడు మొదటినుండి చిన్నగేరులో మెల్లగా దిగవలెను. నడుమ హఠాత్తుగా బ్రేకు నొక్కిన చక్రములు బిగిసికొని జారుట మొదలిడును. అప్పుడు మిగులునది చలన ఘర్షణము, అది నిశ్చల ఘర్షణముకంటె తక్కువయని పైన చెప్పితిమి. గట్టు దారిమీద కొంత గరుసు పోసికొనిన తలముయొక్క స్వభావమే మారును. మా ప్రయోగములోని గోనెగుడ్డ చేసిన పనిని గరుసు చేయును. వాలుమీద బండి నిలిపినప్పుడు చక్రమునకు పల్లపువైపున పెద్దరాయి పెట్టుట మన పెద్దల అలవాటు. దానిని మానరాదు. బస్తాలమీద పిల్లలను కూర్చుండబెట్టుట ఎప్పటికిని తగదు. శ్రావణమాసమున ఉరుకుందకు ట్రాలీలలో పోవు కుటుంబములు ఈ మాటను ప్రత్యేకముగా మనసున నుంచుకొనవలెను.

ఉపాధ్యాయులమగు మాకును ఇందొక గుణపాఠము కలదు. సూత్రమును పలకమీద వ్రాసి, దానిని విద్యార్థి మరల వ్రాసినప్పుడు మార్కులిచ్చి, అతడు నేర్చుకొనెనని సంతసించితిమి. ఒక చెక్కపలకయు, ఒక దిమ్మెయు, రెండు ఇటుకలును తెచ్చియున్నచో ఆ సూత్రములోని లోటు ముందే బయటపడియుండెడిది. దానికి కావలసిన వ్యయము ఏమియు లేదు.

ఆ బాలుని కాలు ఇప్పుడు పూర్తిగా నయమైనది. ప్రయోగమైన వారమునకు అతడు మా పలకను ఇంటికి తీసికొనిపోవ అనుమతి కోరెను. ఇచ్చితిమి. మరునాడు తిరిగి తెచ్చి యిచ్చుచు, “మా నాయనకు చూపించితిని సార్. ఆయన ఇటుకలు తీసి పెట్టి పదిమార్లు ఎత్తి చూచినాడు. ఇక తడిలో సగము బస్తాలే వేయుదుమనినాడు” అని చెప్పెను.

వేసవి సెలవులలో ప్రతివిద్యార్థియు తన యింట నొక పలకను తీసికొని చెక్క, రాయి, రబ్బరుచెప్పు, గోనెగుడ్డ అనువానిలో ఒక్కొక్కటి ఏ యెత్తున జారునో, పొడిగానున్నప్పుడును తడిసినప్పుడును కొలిచి వ్రాసికొనిరావలెనని కోరుచున్నాము. ఒక్కొక్కదానిని ఐదుసార్లు కొలిచి సరాసరి కట్టవలెను. పాఠశాల తెరచిన మొదటివారమున అందరి లెక్కలను ఒకచోట చేర్చి చూతము.